పాత కంప్యూటర్‌తో కన్సోల్ ఆటలు ఆడటం, రికార్డు చేయడం: సమగ్ర మార్గదర్శి

ఇంట్లో గేమ్ కన్సోల్ ఉండి టీవీ ఖాళీగా దొరకనివారికీ, ఆడుతున్న ఆటను వీడియోగా దాచుకోవాలనుకునేవారికీ ముందుగా గుర్తొచ్చేది మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాపే. 2011 నుంచి 2014 దాకా కొన్న కోర్ ఐ3, కోర్ ఐ5 కంప్యూటర్లు ఎన్నో ఇళ్ళలో, హాస్టల్ గదుల్లో ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటితో ఈ పని నిశ్చయంగా జరుగుతుంది, తృప్తిగా కూడా జరుగుతుంది. అయితే పాత కంప్యూటర్‌కు ఏ పని అప్పగించాలో, ఏ పని అప్పగించకూడదో ముందే తేల్చుకోవాలి. కొత్త కంప్యూటర్లకు చెప్పే సెట్టింగులనే దీనికీ పెట్టి, బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే కంప్యూటర్ పనికిరాదని పక్కన పెట్టేసేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అక్కడ లోపం కంప్యూటర్‌లో ఉండదు, దాని మీద మోపిన బరువులో ఉంటుంది. ఈ మార్గదర్శిలో ప్రతి దశలోనూ ఆ బరువును ఎక్కడ తగ్గించుకోవచ్చో చూద్దాం. ఉదాహరణకు ప్రధానంగా ప్లేస్టేషన్ 4ను తీసుకున్నాను. చివర్లో ప్లేస్టేషన్ 2 వంటి పాత కన్సోళ్ళ గురించి విడిగా చెప్పాను.

కొనే ముందు: నిజంగా క్యాప్చర్ కార్డు అవసరమేనా?

ల్యాప్‌టాప్ పక్కన కనిపించే హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మను బయటికి పంపడానికే ఉంటుంది, లోపలికి తీసుకోవడానికి కాదు. కన్సోల్ నుంచి వచ్చిన కేబుల్‌ను అందులో గుచ్చితే ఏమీ జరగదు. బొమ్మను లోపలికి తీసుకునే హెచ్‌డీఎంఐ పోర్టు ఏలియన్‌వేర్ వంటి అతి కొద్ది ల్యాప్‌టాప్ మోడళ్ళలో మాత్రమే ఉండేది. అందుకే మధ్యలో క్యాప్చర్ కార్డు అనే పరికరం కావలసి వస్తుంది.

మీ దగ్గర ఉన్నది ల్యాప్‌టాప్ కాక డెస్క్‌టాప్ అయితే, ఆడటం ఒక్కటే మీ అవసరమైతే, కార్డు మాట పక్కన పెట్టి మానిటర్ వెనుక ఒకసారి చూడండి. అక్కడ హెచ్‌డీఎంఐ ఉంటే కన్సోల్‌ను నేరుగా మానిటర్‌కే కలపవచ్చు. డీవీఐ పోర్టు మాత్రమే ఉన్నా, హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి వెళ్ళే మామూలు కేబుల్ చాలు. అప్పుడు శబ్దం రాదు కాబట్టి ప్లేస్టేషన్ 4 కంట్రోలర్‌కు ఉన్న హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వినవచ్చు. అయితే హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణను గుర్తించని పాత మానిటర్లలో తెర నల్లగానే ఉండిపోవచ్చు. దాన్ని ఆపే పద్ధతి కింద చెప్పాను. కంప్యూటర్ మధ్యలో లేకపోతే ఆలస్యం అన్న సమస్యే రాదు, కాబట్టి అవకాశం ఉన్నవారికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

అలాగే మీకు కావలసింది చిన్న చిన్న క్లిప్‌లే అయితే, ప్లేస్టేషన్ 4 తనంతట తానే చివరి 15 నిమిషాల ఆటను రికార్డు చేస్తూ ఉంటుంది. షేర్ బటన్ నొక్కి దాన్ని భద్రపరచి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. నింటెండో స్విచ్ కూడా అనుమతి ఉన్న ఆటల్లో చివరి 30 సెకన్లను దాచి ఇస్తుంది. గంటల తరబడి ఆటను, దానితోపాటు మీ మాటలను కలిపి రికార్డు చేయాలన్నా, ల్యాప్‌టాప్ తెరనే టీవీగా వాడుకోవాలన్నా మాత్రం కార్డు తప్పదు.

మొదటి దశ: యూఎస్‌బీ లెక్క చూసి కార్డు ఎంచుకోవడం

పాత కంప్యూటర్ విషయంలో మొదటి ఇరుకు ప్రాసెసర్ దగ్గర కాదు, యూఎస్‌బీ పోర్టు దగ్గర ఉంటుంది. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే కాగితం మీద 60 మెగాబైట్లు. వాడుకలో దక్కేది అంతకంటే బాగా తక్కువ. ఇటు బొమ్మ వైపు చూడండి. 1080పీ తెరలో 1920×1080 పిక్సెళ్ళు ఉంటాయి. వైయూవై2 అనే మామూలు పద్ధతిలో ఒక్కో పిక్సెల్‌కు 2 బైట్లు కావాలి, సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 విడి బొమ్మలు రావాలి. ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు దాదాపు 249 మెగాబైట్లు అవుతుంది. 720పీ అయినా 110 మెగాబైట్లు దాటుతుంది. ఇంత బరువు యూఎస్‌బీ 2.0 దారిలో పట్టదు.

మరి వందల రూపాయల్లో దొరికే చిన్న హెచ్‌డీఎంఐ డాంగిళ్ళు ఆ పోర్టులో ఎలా పనిచేస్తున్నాయి? అవి ప్రతి ఫ్రేమును ఒక జేపెగ్ ఫొటోగా కుదించి పంపుతాయి. ఈ పద్ధతినే ఎంజెపెగ్ అంటారు. ఇలాంటి డాంగిళ్ళలో చాలావాటి లోపల ఎంఎస్2109 అనే చిప్ ఉంటుంది. అది 1080పీలో సెకనుకు 30 ఫ్రేములు, 720పీలో సెకనుకు 60 ఫ్రేములు ఇస్తుంది. డబ్బా మీద ‘4కే’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా అది లోపలికి తీసుకోగల సంకేతం గురించే తప్ప, కంప్యూటర్‌కు చేరే బొమ్మ గురించి కాదు. ప్లగ్ లోపలి ప్లాస్టిక్ నీలంగా ఉన్నంత మాత్రాన అది యూఎస్‌బీ 3.0 అని కూడా నమ్మకండి. నీలం రంగు వేసిన 2.0 డాంగిళ్ళు మార్కెట్లో కొల్లలుగా ఉన్నాయి. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి ఆ పరికరం హార్డ్‌వేర్ ఐడీ చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. తయారీ సంఖ్య (వీఐడీ) 534డి, ఉత్పత్తి సంఖ్య (పీఐడీ) 2109 అని ఉంటే అది ఎంఎస్2109 చిప్, యూఎస్‌బీ 2.0 పరికరం.

ఈ డాంగిల్‌ను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. పాత కంప్యూటర్‌కు అది చక్కగా సరిపోతుంది. 2012 నాటి మూడో తరం ఇంటెల్ కోర్ కంప్యూటర్ల నుంచి యూఎస్‌బీ 3.0 పోర్టులు చిప్‌సెట్‌లోనే రావడం మొదలైంది. మీ దానిలో అవి ఉంటే, ఎంఎస్2130 వంటి చిప్ ఉన్న 3.0 కార్డు కొనుక్కుంటే కుదింపు లేని బొమ్మ అందుతుంది, జేపెగ్ విప్పే పని ప్రాసెసర్‌కు తప్పుతుంది. ఆ పోర్టులు లేనివారు 3.0 కార్డుకు డబ్బు పోయడం వృథా.

ఏ కార్డయినా యూఎస్‌బీ హబ్‌లో పెట్టకండి. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టుల కంటే వెనుక మదర్‌బోర్డు మీద ఉన్న పోర్టులు మేలు. రికార్డింగ్‌ను యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లోకి రాయదలచుకుంటే దాన్ని కార్డుకు దూరంగా వేరే వైపు పోర్టులో పెట్టండి, ఎందుకంటే పక్కపక్కనే ఉన్న పోర్టులు తరచుగా ఒకే దారిని పంచుకుంటాయి.

రెండో దశ: కన్సోల్‌ను సిద్ధం చేయడం

కార్డు తగిలించాక తెర నల్లగా వస్తే చాలా సందర్భాల్లో కారణం హెచ్‌డీసీపీయే. ప్లేస్టేషన్ 4లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, సిస్టమ్ అన్న విభాగంలో ‘ఎనేబుల్ హెచ్‌డీసీపీ’ ఎదురుగా ఉన్న టిక్కు తీసేయాలి. ప్లేస్టేషన్ 5లో ఇదే ఎంపిక సిస్టమ్ కింద హెచ్‌డీఎంఐ విభాగంలో ఉంటుంది. ఇది ఆపి ఉన్నంతసేపు సినిమాలు చూపించే యాప్‌లు పనిచేయవు; ఆటలకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఎక్స్‌బాక్స్ వన్, నింటెండో స్విచ్ ఆటల సమయంలో ఈ రక్షణ పెట్టవు కాబట్టి అక్కడ ఏమీ మార్చనక్కరలేదు. స్విచ్ లైట్‌కు టీవీ అవుట్‌పుటే లేదన్నది గుర్తుంచుకోండి. ప్లేస్టేషన్ 3లో హెచ్‌డీఎంఐ మీద ఈ రక్షణ ఎప్పుడూ ఉంటుంది, ఆపే ఎంపిక లేదు. కాబట్టి దానికి బొమ్మను ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నుల్లో విడదీసి పంపే కాంపొనెంట్ కేబుల్, ఆ కేబుల్‌ను తీసుకునే కార్డు వాడాలి.

ఇక ఈ మార్గదర్శి మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇది: కన్సోల్ అవుట్‌పుట్‌ను 720పీకి మార్చండి. ప్లేస్టేషన్ 4లో సెట్టింగ్స్, సౌండ్ అండ్ స్క్రీన్, వీడియో అవుట్‌పుట్ సెట్టింగ్స్, రిజల్యూషన్ అన్న వరుసలో వెళితే 720పీ కనిపిస్తుంది. స్విచ్‌లో టీవీ అవుట్‌పుట్ కింద ఉంటుంది. 1080పీలో ఉన్న పిక్సెళ్ళు 720పీలో ఉన్నవాటికి రెండుంపావు రెట్లు. ఈ ఒక్క మార్పుతో యూఎస్‌బీ దారి, జేపెగ్ విప్పే పని, గ్రాఫిక్స్, ఎన్‌కోడింగ్ (వీడియోను కుదించి ఫైలుగా మార్చే పని), డిస్క్ అన్నీ ఒకేసారి తేలికపడతాయి. పైగా పాత ల్యాప్‌టాప్ తెరల్లో ఎక్కువ భాగం 1366×768 పిక్సెళ్ళవే. వాటి మీద 1080పీ బొమ్మను తెప్పించి మళ్ళీ చిన్నది చేసి చూడటంలో అర్థం లేదు.

మూడో దశ: కేబుళ్ళు కలపడం

టీవీ ఉన్నవారు ఆటను టీవీ మీదే ఆడాలి, కంప్యూటర్‌ను రికార్డింగ్‌కే వాడాలి. ఇది నా గట్టి సలహా. కార్డు మీద రెండు హెచ్‌డీఎంఐ రంధ్రాలుండి, రెండోది టీవీకి పంపేదైతే పని సులువు. ఒక్కటే ఉంటే, ఒక సంకేతాన్ని రెండుగా చీల్చే హెచ్‌డీఎంఐ స్ప్లిట్టర్ కొనండి. కన్సోల్ నుంచి వచ్చిన కేబుల్ స్ప్లిట్టర్ ఇన్‌పుట్‌లోకి, అక్కడి నుంచి ఒకటి టీవీకి, ఇంకొకటి కార్డుకు వెళతాయి. స్ప్లిట్టర్‌కు దాని అడాప్టర్‌తో కరెంటు ఇవ్వడం మరచిపోకండి. కరెంటు చాలని స్ప్లిట్టర్‌లో బొమ్మ వచ్చి పోతూ ఉంటుంది. ఈ ఏర్పాటులో కంప్యూటర్ ఎంత ఆలస్యంగా చూపించినా మీ ఆట మీద దాని ప్రభావం ఉండదు.

టీవీ లేనివారు కన్సోల్ నుంచి నేరుగా కార్డుకు, కార్డు నుంచి ల్యాప్‌టాప్‌కు కలుపుకోవాలి. వారికి కావలసిన జాగ్రత్తలు ఆరో దశలో ఉన్నాయి.

నాలుగో దశ: కంప్యూటర్, సాఫ్ట్‌వేర్

రికార్డింగ్‌కు ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో సరిపోతుంది. అయితే ఏ వెర్షన్ అన్నది కంప్యూటర్‌ను బట్టి ఉంటుంది. 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి విండోస్ 7, విండోస్ 8, ఇంకా 32 బిట్ కంప్యూటర్లకు ఓబీఎస్ మద్దతు ఆగిపోయింది. వాటికి చివరగా పనిచేసేది 27.2.4. తెర మీద బొమ్మ గీయించే వ్యవస్థలైన డైరెక్ట్‌ఎక్స్ 10.1ను విండోస్ మీద, ఓపెన్‌జీఎల్ 3.3ను లైనక్స్ మీద అందించగల గ్రాఫిక్స్ కూడా కావాలి. రెండో తరం కోర్ ఐ3, ఐ5లలోని ఇంటెల్ గ్రాఫిక్స్‌కు విండోస్ మీద ఆ అర్హత ఉంది. కోర్ 2 డ్యువో కాలం నాటి ఇంటెల్ జీఎంఏ గ్రాఫిక్స్‌కు లేదు, కాబట్టి ఆ కంప్యూటర్లలో ఓబీఎస్ తెరుచుకోకపోవచ్చు. అలాంటివారు చూడటానికి వీఎల్‌సీనీ, రికార్డింగ్‌కు వర్చువల్‌డబ్‌నూ వాడుకోవచ్చు. విండోస్ 7కు 2020 జనవరిలోనే భద్రతా సవరణలు ఆగిపోయాయి కనుక అలాంటి కంప్యూటర్‌ను ఈ పనికి మాత్రమే ఉంచి, బ్యాంకు లావాదేవీల వంటివి దానిలో చేయకపోవడం మంచిది.

సాఫ్ట్‌వేర్ పెట్టే ముందు ఫ్యాన్ మీద పేరుకున్న దుమ్ము దులపండి. పాత ల్యాప్‌టాప్ వేడెక్కగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మొదటి పావుగంట బాగా సాగి ఆ తరువాత ఫ్రేములు జారిపోవడం మొదలైతే ముందు అనుమానించవలసింది వేడినే. ఛార్జర్ పెట్టే వాడండి, పవర్ ఆప్షన్స్‌లో ‘హై పర్ఫార్మెన్స్’ ఎంచుకోండి, బ్రౌజర్ మూసేయండి.

కంప్యూటర్ దృష్టిలో ఈ కార్డు ఒక వెబ్‌క్యామ్. అందువల్ల విండోస్ 10లో ప్రైవసీ సెట్టింగులలో కెమెరాకూ, మైక్రోఫోన్‌కూ డెస్క్‌టాప్ యాప్‌ల అనుమతి ఇచ్చి ఉండాలి. అది లేక బొమ్మ రాకపోతే కార్డే చెడిపోయిందనుకుని దుకాణానికి తిరిగి తీసుకెళ్ళేవారు ఉన్నారు.

ఐదో దశ: ఓబీఎస్‌లో బొమ్మ, శబ్దం తెప్పించడం

ముందుగా సెట్టింగ్స్‌లో వీడియో విభాగం తెరిచి బేస్ కాన్వాస్‌ను (ఓబీఎస్ బొమ్మను అమర్చే పలకను) 1280×720కి, అవుట్‌పుట్‌ను కూడా 1280×720కే పెట్టండి. రెండూ ఒకటే అయినప్పుడు బొమ్మను చిన్నదిగా చేసే అదనపు పని ఉండదు. ఫ్రేముల సంఖ్యను మొదట 30 దగ్గర ఉంచి చూడండి. అంతా నిలకడగా ఉంటే 60కి వెళ్ళవచ్చు.

తరువాత సోర్సెస్ పెట్టెలో ప్లస్ గుర్తు నొక్కి, ‘వీడియో క్యాప్చర్ డివైస్’ ఎంచుకుని, జాబితాలో మీ కార్డును చూపించండి. సాధారణంగా అది ‘యూఎస్‌బీ వీడియో’ అన్న పేరుతో ఉంటుంది. ఇక్కడ చాలామంది డిఫాల్ట్‌గా వచ్చినదాన్ని అలాగే వదిలేస్తారు. అలా చేయకుండా రిజల్యూషన్ రకాన్ని ‘కస్టమ్’ చేసి, 1280×720 అని, ఎఫ్‌పీఎస్‌లో 60 అని, వీడియో ఫార్మాట్‌లో ఎంజెపెగ్ అని మీరే ఎంచుకోవాలి. ఫార్మాట్ వైయూవై2గా ఉండిపోతే యూఎస్‌బీ 2.0 కార్డు చాలా తక్కువ ఫ్రేములే ఇవ్వగలుగుతుంది, ఆట స్లైడ్ షోలా కనిపిస్తుంది. ‘బఫరింగ్’ అన్న ఎంపికను ‘డిసేబుల్’ చేయండి.

నలుపు బూడిద రంగులో వెలిసినట్టు కనిపించినా, చీకటి భాగాలన్నీ కలిసిపోయి ముద్దగా కనిపించినా, కన్సోల్‌లోని ఆర్‌జీబీ రేంజ్‌కూ ఇక్కడి కలర్ రేంజ్‌కూ పొత్తు కుదరలేదని అర్థం. కన్సోల్‌లో ‘లిమిటెడ్’ పెట్టి, ఓబీఎస్‌లో కలర్ రేంజ్‌ను ఒకసారి ‘లిమిటెడ్’, ఒకసారి ‘ఫుల్’ చేసి చూడండి. ఆటలో ఏదైనా గుహలోనో, రాత్రి వీధిలోనో నిలబడి పోల్చుకుంటే ఏది సరైనదో వెంటనే తెలుస్తుంది.

శబ్దం విషయంలో ఎంఎస్2109 డాంగిళ్ళకు ఒక విచిత్రమైన గుణం ఉంది. నిజానికి అది పంపేది 48 కిలోహెర్ట్జ్ స్టీరియో శబ్దం, కానీ చాలావాటిలో అది తనను 96 కిలోహెర్ట్జ్ మోనోగా పరిచయం చేసుకుంటుంది. కుడి ఎడమ శబ్దాలు ఒకే వరుసలో ఒకదాని వెంట ఒకటి కలిసిపోతాయి. కొత్త లైనక్స్ కెర్నెళ్ళు ఈ గుణాన్ని గుర్తుపట్టి సరిచేస్తాయి. విండోస్‌లో శబ్దం తేడాగా అనిపిస్తే, డెస్క్‌టాప్ వెనుక నీలం రంగులో ఉండే లైన్‌ఇన్ రంధ్రానికి టీవీ హెడ్‌ఫోన్ అవుట్ నుంచి ఒక 3.5 ఎంఎం వైరు లాగండి. ఆ దారి స్టీరియో; ఖర్చు కూడా తక్కువ. ల్యాప్‌టాప్‌లకు ఉండే మైక్ రంధ్రం సాధారణంగా మోనోయే కనుక అక్కడ దీనివల్ల ప్రయోజనం తక్కువ.

ఆట శబ్దం కంప్యూటర్ స్పీకర్లలో వినిపించాలంటే, ఆడియో మిక్సర్‌లోని అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ఆ సోర్స్ ఎదురుగా ‘మానిటర్ అండ్ అవుట్‌పుట్’ ఎంచుకోవాలి. టీవీలో వింటున్నవారికి ఇది అవసరం లేదు. బొమ్మ కంటే శబ్దం ముందుగా వస్తుంటే అక్కడే ఉన్న ‘సింక్ ఆఫ్‌సెట్’ గడిలో మిల్లీసెకన్లు పెంచుతూ సరిపెట్టండి. తలుపు వేసిన చప్పుడు, తుపాకీ పేలుడు వంటి క్షణంలో జరిగిపోయే సంఘటనను రికార్డు చేసి, నెమ్మదిగా ఆడించి చూస్తే తేడా స్పష్టంగా దొరుకుతుంది.

ఆరో దశ: ల్యాప్‌టాప్ తెర మీదే ఆడాలనుకునేవారికి

ఇక్కడ శత్రువు ఆలస్యం. బటన్ నొక్కిన తరువాత తెర మీద దాని ఫలితం కనిపించడానికి పట్టే సమయంలో కార్డు, యూఎస్‌బీ, జేపెగ్ విప్పే పని, సాఫ్ట్‌వేర్, తెర ఒక్కొక్కటీ కొంత కలుపుతాయి. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము నిడివి 16.7 మిల్లీసెకన్లు. మూడు ఫ్రేములు వెనుకబడితే 50 మిల్లీసెకన్లు పోయినట్టే.

మీ ఏర్పాటులో ఆలస్యం ఎంతో ఊహించనక్కరలేదు, కొలవవచ్చు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంది. స్నేహితుల టీవీనో, పాత మానిటర్‌నో స్ప్లిట్టర్‌తో కలిపి, దాన్నీ ల్యాప్‌టాప్‌నూ పక్కపక్కన పెట్టి, రెండు తెరలూ కనిపించేలా స్లో మోషన్ వీడియో తీయండి. ఆటలో మెనూ తెరవండి. తరువాత వీడియోను ఒక్కో ఫ్రేమే జరుపుతూ, టీవీలో మెనూ కనిపించిన ఫ్రేము నుంచి ల్యాప్‌టాప్‌లో కనిపించిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు కాబట్టి 24 ఫ్రేముల తేడా ఉంటే దాదాపు 100 మిల్లీసెకన్లు. ప్రతి సెట్టింగ్ మార్చినప్పుడూ ఇలా కొలిస్తే, ఏది నిజంగా పనిచేస్తోందో, ఏది మన భ్రమో తేలిపోతుంది.

తగ్గించే మార్గాలు ఇవి. కార్డును తప్పనిసరిగా 720పీ, 60 ఫ్రేముల వద్ద ఉంచండి. 30 వద్ద ఉంటే ఒక్కో ఫ్రేము కోసం రెట్టింపు ఎదురుచూడాలి. ఓబీఎస్ ప్రివ్యూలో కాకుండా, సోర్స్ మీద కుడి క్లిక్ చేసి ‘ఫుల్‌స్క్రీన్ ప్రొజెక్టర్’ తెరిచి ఆడండి. రికార్డింగ్ అవసరం లేకపోతే ఓబీఎస్ కూడా వద్దు. వీఎల్‌సీలో ‘ఓపెన్ క్యాప్చర్ డివైస్’ ద్వారా కార్డును తెరవవచ్చు, కానీ అక్కడ ‘షో మోర్ ఆప్షన్స్’ కింద ఉన్న క్యాషింగ్ విలువ 300 మిల్లీసెకన్లుగా ఉంటుంది. దాన్ని 50కో, ఇంకా కిందికో దించకుండా ఆడి, ఆట బరువుగా ఉందనుకోవడం పొరపాటు. ఎంపీవీ ప్లేయర్‌లో తక్కువ ఆలస్యం కోసం ఉన్న లో లేటెన్సీ ప్రొఫైల్ కూడా పాత కంప్యూటర్లకు అనువైనదే.

ఎంత చేసినా కొంత ఆలస్యం మిగులుతుంది. మలుపు మలుపుకూ ఆలోచించుకుంటూ ఆడే ఆటలు, కథ ప్రధానమైన ఆటలు, నిదానంగా సాగే క్రికెట్ మేనేజ్‌మెంట్ ఆటలు దానితో హాయిగా ఆడవచ్చు. ఫైటింగ్ ఆటలకూ, ఆన్‌లైన్ షూటింగ్ ఆటలకూ, బంతి పడ్డాక క్షణంలో బ్యాట్ తిప్పవలసిన క్రికెట్ ఆటలకూ ఇది సరిపోదు. వాటికి ఒక పాత మానిటర్ కొనుక్కోవడమే న్యాయం.

ఏడో దశ: రికార్డింగ్

అవుట్‌పుట్ విభాగంలో ఎన్‌కోడర్ జాబితా చూడండి. 2011 నాటి రెండో తరం కోర్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే ప్రత్యేక ఎన్‌కోడర్ ఉంది. మీ జాబితాలో ‘హార్డ్‌వేర్, క్యూఎస్‌వీ’ కనిపిస్తే దాన్నే ఎంచుకోండి, ఎందుకంటే జేపెగ్ విప్పడంలోనే సగం అలసిపోయే ప్రాసెసర్‌కు అది పెద్ద ఊరట. కనిపించకపోతే ప్రాసెసర్‌తోనే ఎన్‌కోడ్ చేసే ఎక్స్264 ఎంచుకుని, దాని వేగాన్ని నిర్ణయించే ప్రీసెట్‌ను ‘సూపర్‌ఫాస్ట్’ లేదా ‘అల్ట్రాఫాస్ట్’ చేయండి. వేగం పెరిగేకొద్దీ అదే నాణ్యతకు ఫైలు పెద్దదవుతుంది. డిస్క్‌లో చోటు దొరుకుతుంది గాని పాత ప్రాసెసర్‌కు కొత్త బలం రాదు కాబట్టి ఈ బేరం లాభసాటిదే.

బిట్‌రేట్‌ను, అంటే సెకనుకు రాసే డేటాను 6000 కిలోబిట్ల వద్ద పెడితే నిమిషానికి 45 మెగాబైట్లు, గంటకు 2.7 గిగాబైట్లు అవుతుంది. పాత హార్డ్ డిస్క్ కూడా ఈ వేగాన్ని సునాయాసంగా అందుకుంటుంది. అయితే ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ మీదికి నేరుగా రికార్డు చేయకండి. ఆ ఫార్మాట్‌లో ఒక ఫైలు 4 గిగాబైట్లు మించకూడదు, కాబట్టి గంటన్నర దగ్గర రికార్డింగ్ ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ ఉండాలి.

రికార్డింగ్ ఫార్మాట్‌ను ఎంకేవీగా ఉంచండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎలాగూ నిలవదు. కరెంటు పోతే కంప్యూటర్ ఉన్నపళంగా ఆగిపోతుంది. మామూలు ఎంపీ4 ఫైలుకు అవసరమైన సూచిక చివర్లో రాయబడుతుంది గనుక మధ్యలో ఆగితే మొత్తం ఫైలు తెరుచుకోదు. ఎంకేవీలో అప్పటిదాకా రికార్డయినది దక్కుతుంది. తరువాత ఫైల్ మెనూలోని ‘రీమక్స్ రికార్డింగ్స్’ ద్వారా నాణ్యత ఏమీ పోకుండా, క్షణాల్లో ఎంపీ4గా మార్చుకోవచ్చు.

టీవీ మీద ఆడుతున్నవారు రికార్డింగ్ మొదలైన తరువాత ప్రివ్యూ మీద కుడి క్లిక్ చేసి ‘ఎనేబుల్ ప్రివ్యూ’ టిక్కు తీసేస్తే గ్రాఫిక్స్ మీద ఇంకొంత భారం తగ్గుతుంది.

ఎనిమిదో దశ: ఫ్రేములు ఎక్కడ పోతున్నాయో చదవడం

రికార్డింగ్ తడబడుతుంటే ఒకేసారి నాలుగైదు సెట్టింగులు మార్చేయకండి. ఓబీఎస్‌లోని ‘స్టాట్స్’ పెట్టె తెరిచి పది నిమిషాలు రికార్డు చేసి అంకెలు చూడండి. ‘రెండరింగ్ లాగ్’ వరుసలో సంఖ్య పెరుగుతుంటే గ్రాఫిక్స్ అలసిపోతోందని అర్థం. అప్పుడు ప్రివ్యూ ఆపాలి, కాన్వాస్ 720పీలోనే ఉందో లేదో చూడాలి, తెర మీద పెట్టుకున్న అలంకారాలూ వెబ్‌క్యామ్ ఫిల్టర్లూ తీసేయాలి. ‘ఎన్‌కోడింగ్ లాగ్’ పెరుగుతుంటే ప్రాసెసర్ వెనుకబడుతోందని అర్థం. ఇంకా వేగమైన ప్రీసెట్‌కు వెళ్ళాలి, లేదా 60 నుంచి 30 ఫ్రేములకు దిగాలి. నెట్‌వర్క్ వరుస ప్రత్యక్ష ప్రసారం చేసేవారికి సంబంధించినది మాత్రమే.

ఈ మూడు వరుసల్లోనూ సున్నాయే ఉండి, రికార్డయిన వీడియోలో మాత్రం కుదుపులు కనిపిస్తే, ఫ్రేములు ఓబీఎస్‌కు చేరకముందే పోతున్నాయి. అంటే దోషం యూఎస్‌బీ పోర్టులోనో, కేబుల్‌లోనో, వేడెక్కిన డాంగిల్‌లోనో ఉంది. పోర్టు మార్చండి, డాంగిల్ ల్యాప్‌టాప్ వేడి గాలి బయటికి వచ్చే రంధ్రం పక్కనే ఉంటే ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి.

ప్లేస్టేషన్ 2 వంటి పాత కన్సోళ్ళకు

పాత కంప్యూటర్, పాత కన్సోల్ ఒకదానికొకటి బాగా కుదురుతాయి. భారతదేశంలో అమ్మిన ప్లేస్టేషన్ 2 పాల్ అనే టీవీ సంకేత పద్ధతిది, అంటే 576 గీతలు, 50 హెర్ట్జ్. 720×576 బొమ్మను సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఏ కుదింపూ లేకుండా పంపినా సెకనుకు 21 మెగాబైట్లే అవుతుంది. యూఎస్‌బీ 2.0 దీన్ని సులువుగా మోస్తుంది. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ తయారుచేయగా 2009లో ఈ కన్సోల్‌కు వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ వంటి ఆటలను డిస్కులు గీతలు పడి పాడవకముందే వీడియోగా భద్రపరచడం చేయదగిన పని.

పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల కేబుల్‌ను తీసుకునే ఈజీక్యాప్ రకం యూఎస్‌బీ పరికరం చాలు. దానికి నాలుగు సూదుల ఎస్‌వీడియో రంధ్రం కూడా ఉంటే, కన్సోల్‌కు ఎస్‌వీడియో కేబుల్ కొనండి. పసుపు పిన్నులో వెలుగు, రంగు ఒకే తీగలో కలిసి రావడం వల్ల అక్షరాల అంచుల్లో చుక్కలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. ఎస్‌వీడియోలో అవి విడివిడిగా వస్తాయి కాబట్టి అంచులు శుభ్రంగా ఉంటాయి. విండోస్ 10లో ఈ పరికరాల డ్రైవర్లు ఇబ్బంది పెడితే లైనక్స్ ప్రయత్నించండి. వీటిలో వాడే యూటీవీ007, ఎస్‌టీకే1160, ఈఎం2860 చిప్‌ల డ్రైవర్లు లైనక్స్ కెర్నెల్‌లోనే ఉన్నాయి.

బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చినా, పైకి దొర్లిపోతున్నా, ఓబీఎస్‌లో ‘కాన్ఫిగర్ వీడియో’ నొక్కి వీడియో స్టాండర్డ్‌ను ‘పాల్ బీ’ చేయండి. ఆటలోనే 60 హెర్ట్జ్ ఎంచుకుంటే ఈ కన్సోల్ ఎన్‌టీఎస్‌సీ అనే మరో టీవీ పద్ధతిలో పంపుతుంది కాబట్టి ‘ఎన్‌టీఎస్‌సీ ఎం’ కావాలి. కాంపొనెంట్ కేబుల్ వాడేవారికి తెర ఆకుపచ్చగా కనిపిస్తే, కన్సోల్ సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోని ‘కాంపొనెంట్ వీడియో అవుట్’ ఆర్‌జీబీలో ఉందన్నమాట. దాన్ని వై, సీబీ, సీఆర్ ఎంపికకు మార్చాలి.

ఇక చివరి మెళకువ గీతల గురించి. ఈ కన్సోల్ ఒకసారి బేసి గీతలను, మరోసారి సరి గీతలను పంపుతుంది. పాత గాజు టీవీలో అది తెలియదు గాని, కంప్యూటర్ రెంటినీ ఒకే ఫ్రేములో కలిపినప్పుడు పరుగెత్తే పాత్ర అంచులు దువ్వెన పళ్ళలా విడిపోతాయి. సోర్స్ మీద కుడి క్లిక్ చేసి ‘డీఇంటర్‌లేసింగ్’లో ‘యాడిఫ్ 2ఎక్స్’ ఎంచుకోండి. వీడియో విభాగంలో ఫ్రేముల సంఖ్యను 50గా పెట్టండి. కదలిక ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు కనిపిస్తే అక్కడే ఉన్న ఫీల్డ్ క్రమాన్ని ‘టాప్’ నుంచి ‘బాటమ్’కు మార్చాలి. మొదటి ప్లేస్టేషన్ డిస్కులను ఇదే కన్సోల్‌లో ఆడించేటప్పుడు మాత్రం యాడిఫ్ వద్దు. వాటిలో చాలావాటి బొమ్మకు బేసి సరి తేడా ఉండదు, ‘రెట్రో’ అన్న ఎంపిక ఆ ఆటల కోసమే ఉంది. కాన్వాస్‌ను 720×576 వద్ద వదిలేస్తే మనుషులు సన్నగా సాగినట్టు కనిపిస్తారు. అప్పటి టీవీ కొలత 4:3 కనుక కాన్వాస్‌ను 768×576 చేసి, సోర్స్‌ను దాని అంచుల దాకా లాగండి. ఆటలోనే వైడ్‌స్క్రీన్ పెట్టుకున్నవారు 1024×576 చేయండి.